రెండు గేదెల కార్జాలు

పందొమ్మిది వందల ముప్పైల నాటి మాట. చింతలపూడి మెట్ట నుంచి నాన్న తోలుకొచ్చిన పాడిగేదె మా కొల్లేటి లంకలో మేసి ఏడాది తిరక్కుండానే చచ్చింది. దవడ కింద నీరు దిగి, ఎముకలు తేలి, పేడలోనే కూలబడింది. అదే బురదలో దాని పక్కనే మేసిన మా పాత గేదె మాత్రం నిక్షేపంగా నెమరేస్తోంది.

"తోలు అమ్ముకోడానికి విషం పెట్టావురా!" అంటూ నాన్న పాలేరు మీద దుడ్డుకర్ర ఎత్తాడు. "నాకేం తెలీదండి బాబూ!" అంటూ అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి విరిగిన చప్పుడు వాకిట్లో ఉన్న నాకు వినిపించింది.

తోలు తీసేవాళ్లు కళేబరాన్ని చీలిస్తే, కార్జం నిండా వేపాకుల్లాంటి పురుగులు కదిలాయి. నాన్న ఒప్పుకోలేదు. "ఇవే చంపితే పాతదెలా బతికింది?" అన్నాడు.

మరుసటి వానల్లో పాత గేదె కాలవలో పడి చచ్చింది. దాన్నీ కోశారు. దాని కార్జంలోనూ అవే పురుగులున్నాయి, కాకపోతే వాటి చుట్టూ కార్జం రాయిలా గట్టిపడింది. తట్టుకోలేని కొల్లేటి గేదెలు తరాల కిందటే చచ్చాయి. తొందరపడి చంపిన పురుగులూ వాటితోపాటే పోయాయి. చావగా మిగిలినవి ఈ గేదెలూ, ఈ పురుగులూ; మెట్ట నుంచి వచ్చినదానికి ఆ తట్టుకోవడం లేదు. ఇలా కలిసి బతకడాన్ని స్నేహమని ఎవడైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ కార్జాన్ని, వంకరగా అతికిన చేత్తో, మా పాలేరే గట్టు మీదికి తెచ్చాడు. వాళ్ల తాత మా తాతకు పాలేరు. నాన్న చూసి, "అవతల పారెయ్యరా" అన్నాడు.

"అలాగేనండి" అన్నాడతను.

అతని వంశం మమ్మల్ని ఎలా భరించిందో అప్పుడర్థమైంది.