ముప్ఫై ఆరేళ్ళు దాచిన మచ్చ

గుర్రపు జీన్లు కుట్టడంలో బెన్యూల్ ఎష్ దిట్ట. అమెరికాలోని లాంకాస్టర్‌లో, కార్లెక్కని పాతకాలపు క్రైస్తవులం మా ఆమిష్ వాళ్ళ బళ్ళు లాగే గుర్రాల్లో సగం అతని చేతి తోలే తొడుక్కు తిరుగుతాయి. మనిషికి మాట తక్కువ. ఏదడిగినా ముందు గడ్డం నిమురుకుంటాడు, ఆ తర్వాతే జవాబు. మాలో మీసం ఎవరూ ఉంచరు, కానీ పెళ్ళయిన రోజు నుంచి గడ్డానికి కత్తి తగలకూడదు. బెన్యూల్ ముప్ఫై ఆరేళ్ళ కాపురం అతని గుండెల మీద తెల్లగా పరుచుకుని ఉండేది.

మొన్న సెప్టెంబరులో దవడ కింద కంతి లేచింది. ఆసుపత్రిలో కోసి తీశారు. "ఒక పక్కయినా ఉంచు తల్లీ," అని నర్సుని బతిమాలాడట. కంతి వల్ల భయమేం లేదన్నారు గానీ, గడ్డం మాత్రం మొత్తం పోయింది.

తమ్ముడు గిడియన్ చూడ్డానికొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం అన్నయ్యా, మళ్ళీ పిల్లని వెతుక్కుంటున్నావా? వదినకి తెలుసా?"

బెన్యూల్ నవ్వలేదు. మెడకి కండువా చుట్టుకుని కొట్లో కూర్చున్నాడు. రెండుసార్లు ప్రార్థన ఎగ్గొట్టాడు. పాపం, అంతటి మనిషికి ఎంత సిగ్గో!

అసలు చిక్కు కడగొట్టు కూతురు లీనా పెళ్ళి. ప్రార్థన చివర సంఘ పెద్దల్లో ఒకడైన డీకన్ పెళ్ళి కుదిరిన జంట పేర్లు చదువుతాడు. వెంటనే పిల్ల తండ్రి లేచి ముహూర్తం చెప్పి అందరినీ పిలవాలి.

"గిడియన్ బాబాయి చెప్తాడులే," అన్నాడు బెన్యూల్.

లీనా కడిగిన పళ్ళాన్నే మళ్ళీ కడిగింది. "అక్కలందరికీ నువ్వే చెప్పావు నాన్నా," అని లోపలికి వెళ్ళిపోయింది.

భార్య మలిండా ఊరుకోలేదు. "దాని మొహం చూశావా? ఏమిటి నీ బాధ?"

"పెళ్ళికాని కుర్రాడి మొహంతో లేచి కూతురి పెళ్ళి చెప్పనా? పైగా చుబుకం మీద ఈ పాత మచ్చొకటి. అదెలా పడిందని అందరూ మళ్ళీ అడగరూ?"

ఆ మచ్చ అసలు సంగతి మలిండాకొక్కదానికే తెలుసు. పేర్లు చదివే రోజు పెళ్ళికూతురు ప్రార్థనకి రాదు, ఇంట్లో వంట చేస్తూ ఉంటుంది. పేర్లు చదవగానే పెళ్ళికొడుకు టోపీ తీసుకుని ఆమె దగ్గరికి బయల్దేరతాడు. తమ పేర్లు చదివిన నాడు బెన్యూల్ బండిని ఎంత దౌడు తీయించాడంటే, సరాసరి మలిండా వాళ్ళ గేటు స్తంభానికి గుద్దాడు. గుర్రం తల విసిరిందని ఊరందరికీ అబద్ధం చెప్పాడు. దౌడు సంగతి పెద్దలకి తెలిస్తే చీవాట్లు మరి!

"నెత్తురు కారుకుంటూ వచ్చి, కూర చల్లారిపోతుందేమోనని తొందరపడ్డానన్నావు," అంది మలిండా. "నేను మనసుపడింది ఆ మొహాన్నే. ఆర్నెల్లకే గడ్డం కప్పేసింది. మళ్ళీ చూస్తాననుకోలేదు బెన్యూల్. తీరా చూద్దామంటే నువ్వేమో కండువా చుట్టుకుంటావు."

అతను కండువా అంచు సవరించుకున్నాడు. నిమురుకుందామంటే గడ్డం లేదు కదా.

ఆదివారం బెన్యూల్ కండువా లేకుండా వచ్చాడు. డీకన్ పేర్లు చదివాడు. బెన్యూల్ లేచాడు. కుర్రాళ్ళ బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. అలవాటుగా బెన్యూల్ చెయ్యి చుబుకం మీదికి వెళ్ళి, మచ్చ దగ్గర ఆగింది.

"నవంబరు ఇరవై, గురువారం, మా ఇంట్లో. అందరూ రావాలి."

ఇక కూర్చుంటాడనుకున్నారు. అప్పటికే టోపీ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళిన పెళ్ళికొడుకుని పిలిచాడు.

"ఏలమ్! మా గేటు దగ్గర నెమ్మదిగా తోలు నాయనా. ఈ మచ్చ గుర్రం చేసింది కాదు. ఇలాంటి ఆదివారమే, ఇలాంటి తొందర్లోనే, మలిండా వాళ్ళ గేటుకి కొట్టుకున్నాను."

డీకన్ తన గడ్డం చాటున నవ్వు దాచుకోబోయి, దగ్గాడు. ఆడవాళ్ళ వైపు మలిండా రెండు చేతులతో మొహం కప్పుకుంది, భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి.

బయట ఏలమ్ గుర్రం బుద్ధిగా అడుగులో అడుగు వేస్తూ కదలడం లోపల అందరికీ వినిపించింది. మలుపు దాటగానే దౌడు అందుకుంది.