మరిది మార్చిన చక్రాలు

కిడ్నీలు పాడైనవాళ్లను డయాలసిస్‌కు ఆసుపత్రికి తీసుకెళ్లడం, అయ్యాక ఇంటి గుమ్మంలో దించడం. పదకొండేళ్లుగా ఆమె పని అదే. అందరూ డ్రైవరమ్మ అనేవారు. సూదులు గుచ్చిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషిని కుదుపు తెలియకుండా తీసుకెళ్లడంలో ఆమెది అందెవేసిన చేయి.

ఆమె జ్వరంతో మూడు రోజులు మంచమెక్కినప్పుడు మరిది కారు తీసుకెళ్లాడు. నాలుగో రోజు గుమ్మం ముందు ఒకటే హారన్.

"వదినా, బయటికొచ్చి చూడు! నీ డొక్కు కారుకి కళొచ్చింది."

పద్నాలుగు అంగుళాల చక్రాలు పోయి పదిహేడు అంగుళాలవి వచ్చాయి. తళతళలాడే ఇనుమే అంతా. దాని చుట్టూ టైరు గాజు తొడిగినట్టు పలచగా ఉంది. చంటిపిల్లకు తాతగారి బూట్లు తొడిగినట్టున్న ఆ వాలకాన్ని ఆమె చుట్టూ తిరిగి చూసింది.

"నన్నడిగావా?"

"అడిగితే వద్దంటావుగా! మూతి ముడవకుండా ఓసారి నడిపి చూడు."

"పోనీలే, వాడేదో ముచ్చటపడ్డాడు," అని భర్త పేపరు తిప్పాడు. తమ్ముడి విషయంలో ఆయనకు ఆ ఒక్క మాటే వచ్చు.

మర్నాడు వీధి మలుపులోనే ముందు టైరు లోపలెక్కడో గర్రుమని రాసుకుంది. స్టీరింగు మొరాయించింది. మీటరు యాభై చూపిస్తుంటే, రోడ్డు పక్కన వేగం చూపే బోర్డు మీద యాభై నాలుగు వెలిగింది. చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. ఆ సంగతి మీటరుకెవరు చెప్పాలి? ఆసుపత్రి గేటు దగ్గర ఎప్పుడూ తొక్కే చోటే బ్రేకు తొక్కింది. బండి జానెడు ముందుకు పోయి స్ట్రెచర్ తోస్తున్న ఆయా కొంగుకు తగిలి ఆగింది.

"కళ్లు నెత్తికెక్కాయా?" అని ఆయా అరిచింది.

అప్పుడే ఆగిపోవాల్సింది. ఆగలేదు. డయాలసిస్ అయిన ఒక రిటైర్డ్ టీచరమ్మను ఎక్కించుకుని తిరిగి బయల్దేరింది. పలచటి టైరు ప్రతి గతుకునూ తిన్నగా సీటుకు అందించింది. మూడో గతుక్కి టీచరమ్మ "అబ్బా" అని సూది గుచ్చిన చేయి పట్టుకుంది. కట్టు తడిసి రక్తం సీటు మీదికి కారింది.

కారు పక్కకు తీసి, టీచరమ్మ చూపించిన చోట బొటనవేలితో నొక్కి పట్టుకుంది డ్రైవరమ్మ. పావుగంటకు గానీ రక్తం ఆగలేదు.

"ఏమనుకోకు అమ్మాయ్. ఇవాళ నీ బండి నన్ను కుదిపి చంపింది," అంది టీచరమ్మ మెల్లగా.

పొద్దుటినుంచీ అన్నీ తెలిసే నడిపానన్న తలపుకు ఆమెకు తన మీదే రోత పుట్టింది.

టీచరమ్మకు చక్రాల సంగతి చెప్పి, ఇంటి దగ్గర దించి, తిన్నగా మరిది వాటిని వేయించిన టైర్ల కొట్టుకు పోయింది. కొట్టువాడు పళ్లికిలించాడు.

"అందరూ ఇవే వేయించుకుంటున్నారమ్మా. స్టైలు!"

"నా బండెక్కేవాళ్లు స్టైలు కోసం ఎక్కరు. నా పాతవేవీ?"

వెనక మురుక్కాలువ పక్కన పడేసి ఉన్నాయి. లోపల నిలిచిన నీళ్లలో పురుగులు. ముక్కు మూసుకోవడానికి చేయి ఖాళీ లేక, ఆ కంపులోనే నాలుగింటినీ తనే దొర్లించుకొచ్చి, కడిగించి, బిగించేదాకా కదలలేదు.

సాయంత్రం మరిది రుసరుసలాడాడు.

"నలుగురిలో నా పరువు తీశావు వదినా!"

"సీటు మీద టీచరమ్మ రక్తం ఉంది. ముందది కడుగు. నీ పరువు సంగతి తర్వాత."

వాడు తొంగిచూసి, "ఛీ, నావల్ల కాదు," అని ముక్కు మూసుకుని లోపలికి పోయాడు. ఆ రోజు చూసిన అసహ్యాలన్నిటిలోకీ ఆమెకు అదే ఎక్కువనిపించింది. బకెట్టూ బ్రష్షూ తెచ్చుకుని తనే కడిగింది.

టీచరమ్మ రెండు వారాలు మేనల్లుడి కారులో వెళ్లింది. మూడో వారం ఫోను చేసి, "ఎల్లుండి ఏడింటికి రా. మునుపటి చక్రాలేగా?" అని అడిగి తెలుసుకుంది.

ఆ పెద్ద చక్రాలు పెరట్లో దుప్పటి కింద ఉన్నాయి. మరిది ఆదివారాలు వాటిని గుడ్డతో తుడుస్తాడు. ఆ కాసేపూ ఆమె పెరటి వైపు తలుపు మూసేస్తుంది.