అమావాస్య పాటుకు మోగిన గంట

2007. సునామీ వెళ్లిన మూడో ఏడు. పోర్ట్ బ్లెయిర్‌లో ఇంజనీరింగ్ పిల్లలకు నేను ప్రాజెక్టు క్లాసు చెప్పేవాణ్ణి. పాఠం తక్కువ, రంపాల చప్పుడు ఎక్కువ. కిటికీలోంచి సముద్రం కనిపించేది. పిల్లలు అటు చూస్తూ కలలు కంటుంటే తిట్టలేకపోయేవాణ్ణి. నేనూ అదే పని చేస్తుండేవాణ్ణి మరి.

నా షరతు ఒకటే. చేసే వస్తువుకు ఒక కస్టమర్ ఉండాలి, అంటే దాన్ని నిజంగా వాడుకునే మనిషి. అందరూ "ప్రజలు" అనేవారు. ప్రజలంటే ఎవరయ్యా, వాళ్లిల్లెక్కడ అని కసిరేవాణ్ణి. జాలర్లుండే మిన్నీ బే నుంచి వచ్చే నూకరత్నం మాత్రం "మా నాన్న" అంది.

"అలొచ్చిన కాణ్ణుంచి నాన్న బిల్‌కుల్ ఒడ్డుకి దిగట్లేదు సార్. సాయంగా ఇచ్చిన బోటు పెరట్లో బోర్లించే ఉంది. ఆ రోజు ముందుగా నీళ్లు వెనక్కి పోవడం నాన్న చూశాడు. మళ్లీ అలా పోతే మోగే గంట చేస్తాను. అప్పుడైనా బోటెక్కుతాడు."

జెట్టీ స్తంభానికి పైపు కట్టి, అందులో ఫ్లోట్ స్విచ్ పెట్టింది. మిద్దె మీది ట్యాంకుల్లో ఉంటుందే, నీటితో పాటు ఎక్కి దిగుతూ కరెంటు కలిపేది, అదే. నీళ్లు గుర్తు దాటి దిగితే వీధిలో గంట మోగాలి.

ఆ గుర్తు అష్టమి నాటి పాటు చూసి పెట్టింది. పాటంటే నీళ్లు తగ్గడం. అమావాస్యకు అది ఇంకా కిందికి పోతుందని జాలరి పిల్లకు వేరే చెప్పాలా? కానీ అల వచ్చి వెళ్లాక ఆ ఇంట్లో పోటు, పాటు అన్న మాటే ఎవరూ ఎత్తలేదు. పిల్ల మరిచిపోయింది.

అమావాస్య నాడు గంట పనితనం చూడ్డానికి నేనూ, క్లాసు పిల్లలూ జెట్టీ దగ్గరికి వెళ్లాం. పొద్దు వాలుతుండగా గంట మోగింది. నిద్దట్లో దుప్పటి జారినట్టు సముద్రం మెల్లగా వెనక్కి జరిగింది. వీధి వీధంతా గుట్టెక్కింది. ఒక్క మనిషి మాత్రం కిందికి పరుగెత్తుకొచ్చాడు. రత్నం తండ్రి అప్పన్న. పైపు దగ్గర మాతో పాటు నీళ్లలో నిలబడ్డ కూతురి చెయ్యి పట్టి లాగాడు.

"పదమ్మా, గుట్టకి పద."

"ఉత్తి పాటే నాన్నా. అమాస కదా. నేనే గుర్తు గలత్ పెట్టాను."

అప్పన్న తన కాళ్లకేసి చూసుకున్నాడు. మోకాళ్ల దాకా నీళ్లు. మూడేళ్లుగా ఒడ్డుకే దిగని మనిషి. నాకు ఏడుపొచ్చింది.

"గంట తీసేయకండి సారూ," అన్నాడు. "గుర్తు కాస్త కిందికి దించండి. నాను బోటేసుకెళ్తే పిల్ల ఇంటికాడ ఒక్కతే ఉంటాది."

ఆ వారమే బోటు నీళ్లలో దిగింది.

ఇప్పటికీ క్లాసులో "ఇది ఎవరి కోసం?" అని అడుగుతాను. పేరు చెప్పాక ఊరుకోను. "ఆ మనిషికి ఎవరున్నారు?" అని కూడా అడుగుతాను.