విదేశీ కోర్టు అడిగిన ప్రశ్న

మా చిన్నమ్మ పోగొట్టుకున్న డబ్బు ఏదో దేశంలోని బ్యాంకులో దొరికిందని సైబర్ క్రైమ్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు, కాటన్‌పేటలోని వాళ్ళింట్లో ఎవరూ సంతోషించలేదు. షేర్ల యాప్ పేరుతో ఆవిణ్ణి ముంచినవాళ్ళు కూడా ఫోన్‌లోనే పరిచయమయ్యారు మరి.

"మోసపోయినోళ్ళనే మళ్ళీ మోసం చేసే గుంపులు ఉండాయప్పా," అన్నాడు చిన్నాయన. ఆయన చీరల హోల్‌సేల్ వ్యాపారి. తెచ్చినవాడి ఎదుటే మూట విప్పి చూస్తే గాని సరుకు అంగట్లోకి రానివ్వడు. "నువ్వు కంప్యూటర్లోడివి గదా, కనుక్కో."

కుందలహళ్ళిలో నా ఉద్యోగం ఒక యాప్‌లో బటన్ల రంగులు మార్చడం. అంతర్జాతీయ నేరాలకు ఆ అర్హత చాలని మావాళ్ళ నమ్మకం.

నేరుగా స్టేషన్‌కే వెళ్ళి అడిగాను. ఫోన్ చేసింది వాళ్ళే. మోసగాళ్ళ ఖాతాను ఆ దేశపు పోలీసులు స్తంభింపజేశారు. డబ్బు తిరిగిమ్మని మన కోర్టు రాస్తే, అక్కడి కోర్టు ఒక ప్రశ్న పంపింది: ఫిర్యాదులో ఒక్క ఖాతానే ఉంది, ఇక్కడి ఖాతాకు మాత్రం ఈవిడ పేరుతో ఉన్న రెండు ఖాతాల నుంచి డబ్బు వచ్చింది, రెండోది కూడా ఈవిడదేనా? వాంగ్మూలం ఇస్తేనే డబ్బు కదులుతుంది.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే చిన్నాయన ఎగిరిపడ్డాడు. "చూసినావా! లేని ఖాతా అంటగడుతుండారు. పోయిందానికంటే ఎక్కువిస్తామనేవాడు దొంగ కాక ఎవడు?"

చిన్నమ్మ మాత్రం స్టేషన్‌కు ఎప్పుడు పోవాలని అడిగింది. కూరగాయల బండివాణ్ణి కూడా రెండుసార్లు తూకం వేయించే మనిషి. ఆవిడకు అనుమానం రాకపోవడమే నాకు అనుమానం తెప్పించింది.

"నేనూ అబ్బోడూ పోయొస్తాంలే, నువ్వు అంగడి చూసుకో," అంది చివరికి. దాంతో చిన్నాయన అంగడి మూసి మరీ బయల్దేరాడు.

స్టేషన్లో అధికారి కన్నడిగుడు, తెలుగు బాగానే వచ్చు. "ఏనమ్మా, ఈ రెండో ఖాతా నీదా కాదా? కాదంటే, అది ఎవరిదో తేలేదాకా మొత్తం అక్కడే ఉంటాది."

చిన్నమ్మ మొగుడికేసి చూసింది. "కిందికి పోయి కాఫీ తాగిరాపో."

"ఇప్పుడే గదా తాగింది."

"ఇంకోటి తాగు."

ఆయన కదల్లేదు.

"నాదే సార్," అంది గోడకేసి చూస్తూ. "ఇంట్లో జాకెట్టు గుడ్డలు అమ్మి దాచుకున్న దుడ్డు. ఈయనడిగితే లాభమేం లేదని చెప్తాంటి. అందుకే ఫిర్యాదులో రాయించలేదు."

ఎవరో ఒకరు ఏడుస్తారేమో అని చూశాను. చిన్నాయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "సార్, ఆ ఖాతాలో ఇంకా ఏమన్నా మిగిలి ఉండాదా?"

"విదేశం వాళ్ళు అది అడగలేదు సార్," అంటూ అధికారి కాగితాలు చిన్నమ్మ ముందుకు తోశాడు.

ఆవిడ సంతకం పెట్టింది. అక్కడి కోర్టు ఎప్పుడు తేలుస్తుందో తనకూ తెలియదన్నాడు అధికారి. తిరుగుదారిలో, ఆటోలో, చిన్నాయన నావైపు వంగి, మూడో ఖాతా ఉందేమో ఎట్లా కనుక్కోవాలని గుసగుసగా అడిగాడు. మా ఇద్దరి మధ్యా కూర్చున్నది చిన్నమ్మే.