రాయి రాలేదన్న ఆఫీసు

మా బడికి పైకప్పు లేదు. పెద్దేముల్ దగ్గరి ఒక పల్లెలో, ఊరి బయట చింతచెట్టు కింద కూర్చోబెట్టి చదువు చెప్పేదాన్ని. మబ్బు పడితే చాలు, పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని ఇళ్లకు పరుగు. వానకాలం గడిచేసరికి ఆడపిల్లలు ఒక్కొక్కరే గొర్రెల వెంట పోయేవారు. "ఎన్నడు నడుస్తదో తెల్వని బడికి ఎందుకు తోలాలె పంతులమ్మా?" అని తల్లులు అడిగేవారు. పిల్లలు ఇట్లాగే తగ్గితే బడి ఎత్తేస్తామని పైనుంచి మాట కూడా వచ్చింది.

వికారాబాద్ బజారులో కిరాణా దుకాణం నడిపే ఇంటి పిల్లను నేను. ఇయ్యవలసింది ఇయ్యకుండా తిప్పుకునేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. బడి కట్టడానికి శాసనసభ డబ్బు మంజూరు చేసింది. ఊరు తన వాటాగా రాయి ఇవ్వాలి. ఊరివాళ్లు తాండూరు గనుల నుంచి నాపరాళ్లు మోసుకొచ్చి చింతచెట్టు పక్కనే పేర్చారు కూడా. డబ్బు మాత్రం తాండూరు ఆఫీసులో ఇరుక్కుంది. ఎప్పుడు వెళ్లినా అక్కడి అధికారిది ఒకటే పాట, "మీ ఊరి రాయి రాలేదమ్మా." వచ్చి చూడండి అంటే ఆయనకు తీరిక లేదు. నా చెప్పులు అరిగాయి గానీ ఆయన కుర్చీలోంచి లేవలేదు.

అరవయ్యో దశకం మొదట్లో, హైదరాబాదు నుంచి శాసనసభ్యుల కమిటీ తాండూరు వస్తోందని తెలిసింది. సభ ఇచ్చిన డబ్బు ఎక్కడ ఖర్చయింది, ఎక్కడ ఆగింది అని అడగడమే వాళ్ల పని. అంతలోనే ఆ ఆఫీసు నుంచి మా ఊరికి కబురొచ్చింది. పెద్దలు ఊళ్లు తనిఖీ చేసే దౌరాకు వస్తున్నారు, సామాను మోయడానికి ఎడ్లబండ్లు పంపాలట! నిజాం రాజ్యం పోయింది గానీ ఆ అలవాటు పోలేదు. అధికారులు ఊళ్ల మీదికి వస్తే జనం వెట్టికి బండ్లు కట్టాల్సిందే.

నాకు కోపం నషాళానికెక్కింది. "ఒక్క బండి కదలొద్దు!" అన్నాను. ఊళ్లో అందరికన్నా పాత బండివాడైన తాత చుట్ట ఆర్పి నవ్వాడు.

"ఎందుకు కదలొద్దు బిడ్డా? పంపుమన్నరు, పంపుదాం. గానీ ఖాళీ బండ్లెందుకు పంపాలె?"

మర్నాడు పొద్దున్నే నాపరాళ్లు బండ్లకెక్కాయి. గొర్రెలు కాసుకునే ఆడవాళ్లు కూడా తలో చెయ్యి వేశారు. నేను ముందు బండిలో రాళ్ల మీదే కూర్చున్నాను, మహారాణి లాగా.

తాండూరు డాక్ బంగ్లాలో కమిటీ కొలువుదీరింది. తలుపులు తెరిచే ఉన్నాయి కనుక వరండాలో నిలబడితే లోపలి మాటలన్నీ వినిపిస్తున్నాయి. మా బడి వంతు వచ్చింది.

"సభ ఇచ్చిన డబ్బు ఆపడానికి మీరెవరండీ?" అని కమిటీ అధ్యక్షుడు అడిగాడు.

అధికారి తొణకలేదు. "ఊరి రాయి ఇంకా రాలేదు సార్."

నేను నోరు తెరిచేలోపే తాత గుమ్మంలోకి వెళ్లి తలపాగా సర్దుకున్నాడు. "రాయి వచ్చింది సారూ. యాడ దింపాలె?"

అధ్యక్షుడు లేచి బయటికొచ్చాడు. బంగ్లా ఆవరణంతా మా బండ్లే. ఒక్కొక్కటీ చూసుకుంటూ నడిచి, ఒక రాయి మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి అధికారిని చూశాడు. అప్పుడు ఆ అధికారి ముఖం చూడాలి! నాకు కడుపు నిండిపోయింది.

ఆ వరండాలోనే, డబ్బు విడుదల చేస్తున్నట్టు అధికారి చేతే రాయించాడు అధ్యక్షుడు. "రాళ్లు ఊరికి తీసుకుపోండి. రానుపోను బండ్ల కిరాయి ఆఫీసు ఇస్తుంది" అన్నాడు.

కిరాయి చేతిలో పడ్డాక తాత దాన్ని రెండుసార్లు లెక్కపెట్టాడు. "ఎన్ని దౌరాలకు బండి గట్టిన! పైసలిచ్చుడు గిదే మొదలు" అన్నాడు. తిరుగుదారంతా పాటలే. నాది కాకి గొంతని తెలిసి కూడా నేనూ పాడాను.

బడి లేచింది. నాపరాళ్ల గోడలు, నాపరాళ్ల నేల, పైన పెంకులు. గొర్రెల వెంట పోయిన ఆడపిల్లలు మళ్లీ వచ్చారు. తొలకరి రోజున నల్లబోర్డు మీద లెక్క వేస్తుంటే పెంకుల మీద చినుకులు పడ్డాయి. తిరిగి చూస్తే పిల్లలంతా లేచి నిలబడి ఉన్నారు, పలకలు నెత్తిన పెట్టుకుని.

"యాడికి పోతున్రు? కూసోండి!" అని గద్దించాను.

వాళ్లు పైకి చూశారు, నా వైపు చూశారు, మెల్లగా కూర్చున్నారు. బయట వాన దంచి కొడుతుంటే, ఆ లెక్క చివరిదాకా చేయించాను.