కాఫీ తాగించి పూడ్చిన బావి

సౌదీలోని ఖమీస్ ముషైత్ నుంచి దక్షిణంగా, సరిహద్దు కొండల్లోకి, పికప్‌లో ఆరు గంటలు. దిగేసరికి సాయంత్రం. చలి, రాతిదుమ్ము. మన సైన్యంలోంచి రిటైరై వచ్చిన నాకు అక్కడ కంచె కడుతున్న కంపెనీలో క్యాంపు కాపలా. ఇచ్చిన సామాను: వాకీటాకీ, టార్చి, లాఠీ. తుపాకులు కంపెనీ విడిగా తెచ్చుకున్న మనుషులకే. కిరాణా కొట్టు మనుషుల్లో పుట్టినవాణ్ణి, బేరంలో నన్ను కొట్టేవాడు లేడనుకునేవాణ్ణి. దారిలో సగానికి సగం తగ్గించి కొన్న స్వెట్టరు మొదటి వానకే కుంచించుకుపోయి బొడ్డు పైకెక్కింది.

కంచె దారిలో ఒక బావి పడింది. సరిహద్దు గీత పుట్టకముందు నుంచీ ఆ కొండల్లో మేకలు కాస్తున్న తెగది. చుట్టుపక్కల వేరే నీళ్లు లేవు. తెగ పెద్ద ఒక ముసలాయన మా డేరాకొచ్చాడు. మా మేనేజరు, అక్కడి మాటలో ముదీర్, కాఫీ పోయించాడు. ముసలాయన కప్పు కింద పెట్టి ముట్టుకోలేదు.

"గట్టి బేరగాడే," అన్నాను పక్కనున్న బుల్డోజర్ డ్రైవరుతో. అతనిది ఆర్మూరు వైపు.

"బేరం కాదే అన్నా. అడిగింది ఇస్తమనేదాక తాగరు వీళ్లు. తాగిపిచ్చినోడు ఇగ మాట తప్పొద్దు."

ముదీర్ అరబ్బీలో ఏదో అన్నాడు.

"బావి నీదే, తాగు అంటుండు," అన్నాడు డ్రైవరు.

ముసలాయన తాగాడు. ముదీర్ భుజాన్ని ముద్దు పెట్టుకుని వెళ్లాడు. అంత చవగ్గా తెగిన బేరం నేనెన్నడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే వాకీటాకీలో ముదీర్: "బావి పూడ్చండి."

డ్రైవరు నా సెట్టు లాక్కుని హిందీలో అడిగాడు. "నిన్న మాటిచ్చారు కదా సార్?"

"కాఫీ నిన్నటిది. పని కానియ్. లేదంటే నీకు ఎగ్జిట్, ఇంటికే."

డ్రైవరు నన్ను చూశాడు. "మిల్ట్రీల గిట్లైతే ఏం జేస్తుంటిరి అన్నా?"

నేను సెట్టు వెనక్కి తీసుకుని బెల్టుకి తగిలించుకున్నాను. అతను బండి స్టార్ట్ చేశాడు.

తెగవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ముసలాయన కొడుకు బండికి అడ్డంగా నిలబడ్డాడు. తుపాకులవాళ్లు ముందు గాల్లోకి పేల్చారు. తరువాత అతని మీదికి. శవాన్ని లాగేశాక బావిలో రాళ్లు నింపి, పైన కాంక్రీటు పోశారు.

కాంట్రాక్టు ముగిశాక జెద్దా మీదుగా ఇంటికొచ్చాను. మా కొట్టుకొచ్చేవాళ్లు సౌదీ కబుర్లు అడుగుతారు. ఖర్జూరం ధరలు చెబుతాను.

బావి పూడ్చిన రోజు సాయంత్రం, కాంక్రీటు గట్టిపడాలని ట్యాంకరుతో దాని మీద నీళ్లు కొట్టించారు. నీళ్ల వాసనకి మేకలొచ్చి నాకడం మొదలుపెట్టాయి. కొడుకుని పూడ్చి వచ్చిన ముసలాయన మట్టిచేతులతో ఒక్కొక్కదాని మూతికంటిన సిమెంటు తుడుస్తున్నాడు. తుడిచినది మళ్లీ వెళ్లి నాకుతోంది.