రుద్రారం నీలగిరి తోటలో ఇనుప ఎద్దు

శిల్పాల మీద సంగారెడ్డి గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. రుద్రారం ఎద్దు వాటిలో ఎక్కడా లేదు. అందుకే, చూసిన నేనే రాసిపెడుతున్నాను.

ఎడ్లకు రంగులద్ది పూజించే ఏరువాక పున్నమి నాడు ఉదయం ఎనిమిదింటికి పటాన్‌చెరు బస్సెక్కాను. రుద్రారం దగ్గర ఒక ఫ్యాక్టరీలో విఠలయ్య అనే వెల్డరు పనికిరాని ఇనుముతో ఎద్దును చేసి, వెనక నీలగిరి తోటలో నిలబెట్టాడు. కొత్త మేనేజరు దాన్ని తుక్కు కింద అమ్మేశాడనీ, పదకొండింటికి లారీ వస్తుందనీ మిత్రుడు సత్తయ్య కబురు చెప్పాడు. పోయేలోపు చూడాలని నా ఆత్రం.

పక్క సీట్లో బాగమ్మ అనే పెద్దావిడ, ఒళ్లో కొబ్బరికాయ.

"ఏ గుడికమ్మా?" అన్నాను.

"గుడికి గాదు బిడ్డా, ఎద్దుకు. మా ఊళ్లె ఎడ్లన్నీ అమ్ముడువాయె. ట్రాక్టరుకు కొమ్ములుంటయా రంగెయ్యనీకి? ఉన్నదొక్కటే, విఠలన్నది."

లారీ సంగతి చెప్పాను.

"ఎట్ల ఎక్కిస్తరో సూస్త!"

తొమ్మిదింటికి దిగి తోటలోకి నడిచాం. చెట్ల నీడలో ఎద్దు. డ్రమ్ము మూత మూపురం, సైకిల్ చైన్ల తోక. తల వెనక్కి తిప్పి చూస్తోంది.

"దీన్ని లోహశిల్పం అంటారు," అన్నాను పక్కనే నిలబడ్డ విఠలయ్యతో, కాస్త గొప్పగా.

"అట్లనా సారూ? నేనైతే మా ఇంటి ఎద్దు బసవన్ని చేసిన. అమ్మిననాడు గిట్లనే ఎనకకు తిరిగి చూసిండు," అంటూ తల తిప్పేసుకున్నాడు.

ఊళ్లోంచి వచ్చిన ఆడవాళ్లు కొమ్ములకు రంగులు వేస్తుండగానే లారీ వచ్చింది. డ్రైవరు యూసుఫ్ దిగి, "తుక్కన్నరు. ఇది పెండ్లికొడుకు లెక్కున్నది!" అన్నాడు.

వెనకే మేనేజరు. ఆయన నోరు తెరిచేలోపే బాగమ్మ కొబ్బరికాయ చేతిలో పెట్టింది. "పెద్దమనిషివి, నువ్వే కొట్టాలె సారూ. జల్దీ, ఎండ ముదురుతున్నది!"

ఆయన అందరి ముఖాలూ చూశాడు. బూట్లు విప్పాడు. కాయ ఒక్క దెబ్బకే పగిలింది. కొబ్బరిముక్క నములుతూ ఎద్దు చుట్టూ ఒకసారి తిరిగి, "వానలొస్తున్నాయి విఠలయ్యా, తుప్పు పట్టకుండా రంగు వేయించు," అని వెళ్లిపోయాడు. విఠలయ్య ఎద్దు మూపురం నిమురుతూ నిలబడ్డాడు.

బాగమ్మ పెట్టిన పోలెలు, అంటే బొబ్బట్లు, తిని రెండింటికి తిరుగు ప్రయాణం. "తుక్కు దొరకలే, నువ్వన్న ఎక్కు సారూ," అన్నాడు యూసుఫ్.

కబురు చెప్పిన సత్తయ్యకు, కడుపు నింపిన బాగమ్మకు, కిరాయి అడగని యూసుఫ్‌కు, నేను పేరు అడగడం మరిచిన ఆ మేనేజరుకు కృతజ్ఞతలు. అందరికన్నా ఎక్కువగా విఠలయ్యకు. లారీ కదిలాక వెనక్కి చూశాను. చెట్ల మధ్య నుంచి బసవడు కూడా మా వైపే చూస్తున్నాడు. ఈసారి తోలుకుపోయేవాళ్లు ఎవరూ లేరు.